ఏ భాషలో లెక్క

వాన ఆగీ ఆగని అక్టోబరు సాయంత్రం.
ఔటర్ హార్బర్‌లో ఓడకి
ఉల్లిపాయలు, మిరపకాయలు, పన్నెండు ట్రేల గుడ్లు ఎక్కించి
బిల్లు మీద స్టాంపు కోసం నిలబడ్డాను.
వంటవాడు ఎల్మార్ గుడ్ల వైపు చూడనే లేదు.
ఫోను ఆకాశానికెత్తి
సిగ్నలు కోసం డెక్కంతా తిరుగుతున్నాడు
హారతి పళ్లెం పట్టుకున్నవాడిలా.

"మా దగ్గర ఈరోజు ఓట్ల లెక్కింపు."

వాళ్లది కొండల సీమ.
మన సింహాచలం కొండ అక్కడ
గుమ్మం ముందు వేసిన పీటంత.
జిల్లా పాటి నేలకి సొంత సభ, సొంత ఖజానా.
ఊరి బోర్డు మీద ఒకే ఊరికి రెండు పేర్లు,
కొన్ని లోయల్లో మూడు.
ఆవులకి మాత్రం ఒకే గంట.

"ఒక కాగితం ఉంటుంది" అన్నాడు,
తడి చేతులు ఏప్రానుకి తుడుచుకుంటూ.
తను ఏ భాషవాడో రాసి సంతకం పెట్టాలి.
ఉద్యోగాలు ఆ లెక్కనే,
సర్కారు ఇళ్లు ఆ లెక్కనే,
సభలో కుర్చీల బేరం కూడా.
అమ్మది జర్మను. నాన్న ఇటాలియను బళ్లో చదివాడు.
పెంచిన నాన్నమ్మది మాత్రం
నాలుగు చర్చి గంటలు వినపడేంత మేరే
బతికున్న చిన్న భాష.

"మరి నువ్వేం రాశావ్?"

"ఉద్యోగం ఎటుంటే అటు.
ఆ రాత్రి నాన్నమ్మ గిన్నెలో సూపు పోసింది గానీ
ఏ భాషలోనూ పలకరించలేదు."

అప్పుడే సిగ్నలొచ్చింది.
ఎవరు గెలిచారని అడిగాను.
"ఎవరికీ చాలలేదు. ఇక మంచు పడేదాకా మాటలే."
ఫోను జేబులో పెట్టి గుడ్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.
పెదాలు కదిలాయి.
ఉన్, దోయ్, త్రెయ్...

అది జర్మను కాదు. ఇటాలియనూ కాదని తెలుసు,
ఇటాలియను ఓడలకి ఇరవయ్యేళ్లుగా సరుకేస్తున్నాను.
నా పెదాలూ కదులుతున్నాయని
రెండో ట్రే దగ్గర గమనించాను.
ఏక, దుయి, తిని...
అతని దోయ్, నా దుయి
ఒకే గుడ్డు మీద వాలాయి.
ఇద్దరం తలెత్తి చూసుకున్నాం.
మూడు గుడ్లు పగిలాయి. బిల్లులో కొట్టేశాడు.

స్కూటరు మీద ఇంటికి వస్తుంటే
జ్ఞానాపురం దగ్గర మైలిపల్లి ఎల్లాజీ ప్రచారం ఆటో.
మన వార్డుకీ ఓట్ల రోజులు.
రైల్వే క్వార్టర్ల ముందు మైకు హిందీ మాట్లాడింది,
సందు తిరిగాక ఒడియా,
జాలరిపేట రోడ్డెక్కగానే
"ఒలే అప్పా, నానే వచ్చినానే" అని
సొంత గొంతు తొడుక్కుంది.
ఓటడిగేటప్పుడు మన భాష వాళ్లకొస్తుంది.
గెలిచాక కుళాయి గురించి అడిగితే
ఏ భాషా రాదు.
కొండల్లోనూ ఇంతేనా అని
ఎల్మార్‌ని అడగాల్సింది. మర్చిపోయాను.

ఇంట్లో పాప బడి ఫారం.
పేరు, పుట్టిన తేదీ, మాతృభాష.
మా నాన్న బొబ్బిలి, అమ్మ బరంపురం,
మా ఆవిడది ఖరగ్‌పూర్ నుంచి బదిలీ మీద దిగిన కుటుంబం,
కోపమొస్తే బెంగాలీ.
పాప కలలో ఏం మాట్లాడుతుందో
మాలో ఎవరికీ తెలీదు.
"రాసెయ్యండి తొందరగా, పొయ్యి మీద పాలున్నాయి."

తెలుగు అని రాశాను.
అబద్ధం కాదు.
తప్పు చేసినవాడిలా పెన్ను మూత వెతుక్కుంటున్నాను.

లోపలి గదిలో అమ్మ
రాత్రి మాత్రలు అరచేతిలో పోసుకుని
ఎవరూ వినట్లేదనుకుని లెక్కపెడుతోంది.
ఏక, దుయి...
ఎక్కడో తప్పింది.
మళ్లీ మొదటి నుంచి.